జీలాటెక్, లేజర్‌జెట్ 1020: పద్యాల పుస్తకాలకు నేను నమ్ముకున్న జంట

రాజమహేంద్రవరంలో ఇంటి దగ్గరే డీటీపీ పని చేస్తాను. నా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా సొంత డబ్బుతో రెండు మూడు వందల కాపీలు వేయించుకునేవారి పుస్తకాలు. శతకాలు, ఖండకావ్యాలు, అవధానాల్లో చెప్పిన పద్యాల సంకలనాలు, పెద్దల స్మారక సంచికలు. ఈ సమీక్ష నేను రోజూ వాడే రెండింటి గురించి. ఒకటి జీలాటెక్ అనే ఉచిత అక్షర కూర్పు సాఫ్ట్‌వేర్. రెండోది 2005లో వచ్చిన హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 ప్రింటర్. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. తెలుగు పద్యం అచ్చులో ఎలా కనిపించాలో పట్టింపు ఉన్నవారికి ఇంత తక్కువ ఖర్చులో ఇంతకంటే మంచి ఏర్పాటు నాకు తెలియదు. మీ ఇంట్లోనో ఆఫీసులోనో ఈ ప్రింటర్ మూలన పడి ఉంటే దయచేసి తూకానికి వేయకండి.

నన్ను అదే చేయమన్నారు. కంప్యూటర్ మార్చాక ప్రింటు రావడం లేదని ఒక దుకాణంలో అడిగితే, ప్రింటర్ మూత కూడా తెరిచి చూడకుండా, "దీనికి కాలం చెల్లిపోయింది మేడమ్, కొత్తది తీసుకోండి" అన్నారు. యంత్రంలో లోపం ఏమీ లేదు. కంప్యూటర్‌కూ దానికీ మధ్య మాట కుదరలేదు, అంతే. ఆ మాట ఎలా కుదిరిందో వివరంగా రాస్తే ఇంకొందరి ప్రింటర్లు నిలబడతాయన్నది నా ఆశ.

1020 మన ఊళ్లలో ఎంత విస్తారంగా ఉందో డీటీపీ కేంద్రాలు, జిరాక్స్ దుకాణాలు, ప్లీడర్ల ఆఫీసులు చూసినవారికి చెప్పనక్కరలేదు. చిన్న యంత్రం. 150 కాగితాలు పట్టే ట్రే, దాని పైన ఒక్కొక్క కాగితం పెట్టుకోవడానికి సన్నని దారి, స్థితిని చూపే రెండు దీపాలు. నిమిషానికి 14 పేజీలు తీస్తుంది. అంగుళానికి 600 చుక్కల స్పష్టత, 2 ఎంబీ మెమరీ, యూఎస్‌బీ తీగ. నెట్‌వర్క్ లేదు, వైఫై లేదు. దీనిలో పట్టే 12ఏ కార్ట్రిడ్జ్‌ను రీఫిల్ చేసేవారు చిన్న పట్టణాల్లో కూడా ఉన్నారు. మా ఊళ్లో మూడు నాలుగు వందల్లో పని అయిపోతుంది. కాగితాన్ని లాగే పికప్ రోలర్, టోనర్‌ను వేడితో కాగితానికి అంటించే ఫ్యూజర్ ఫిల్మ్ లాంటి విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతాయి. మరమ్మతు చేయగలిగిన యంత్రం అనే మాటకు నా దృష్టిలో ఇదే కొలమానం.

అయితే దీని స్వభావం అర్థం చేసుకోకపోతే ముందుకు వెళ్లలేరు. కొన్ని లేజర్ ప్రింటర్లకు పోస్ట్‌స్క్రిప్ట్, పీసీఎల్ లాంటి పేజీ వర్ణన భాషలు వచ్చు. ఫలానా ఫాంటులో ఫలానా చోట ఫలానా అక్షరం వేయమని కంప్యూటర్ చెబితే బొమ్మ అవే గీసుకుంటాయి. 1020కి ఆ భాషలేవీ రావు. పేజీ మొత్తాన్ని చుక్కలుగా మార్చే బాధ్యత కంప్యూటర్‌దే. 600 చుక్కల లెక్కన ఒక ఏ4 పేజీ అంటే అడ్డంగా 4,960, నిలువుగా 7,016 చుక్కలు. గుణిస్తే దాదాపు 3 కోట్ల 48 లక్షలు. చుక్కకు ఒక బిట్ చొప్పున చూసినా 4 ఎంబీ దాటిపోతుంది. ప్రింటర్‌లో ఉన్నది 2 ఎంబీ. అందుకే కంప్యూటర్ ఆ చుక్కల బొమ్మను జేబిగ్ అనే పద్ధతిలో కుదించి, జెనోగ్రాఫిక్స్ సంస్థ రూపొందించిన జెడ్‌జే స్ట్రీమ్ అనే రూపంలో పంపుతుంది. ప్రింటర్ దాన్ని విప్పుకుంటూ కాగితం మీద వేస్తుంది.

ఇదంతా లోపంలా కనిపిస్తుంది కానీ తెలుగు పని చేసేవారికి ఇది పెద్ద వరం. ప్రింటర్‌కు తెలుగు రాదు, రావలసిన పని కూడా లేదు. "స్త్రీ" అనే అక్షరంలో త వత్తు, ర వత్తు ఎక్కడ కూర్చోవాలో దానికి తెలియనక్కరలేదు. ఆ నిర్ణయాలన్నీ కంప్యూటర్‌లోనే పూర్తయి, ఫాంటుతో సహా పీడీఎఫ్‌లో స్థిరపడితే, ఈ పాత యంత్రం నిన్న కొన్న యంత్రంతో సమానంగా తెలుగు అచ్చువేస్తుంది. వత్తులు విడిపోతున్నాయని, గుడులు పక్కకు జరుగుతున్నాయని ప్రింటర్‌ను నిందించేవారిని నేను చాలామందిని చూశాను. తప్పు దాదాపు ఎప్పుడూ కూర్పు దగ్గరే ఉంటుంది. కాబట్టి డబ్బు కొత్త ప్రింటర్ మీద పెట్టే ముందు శ్రద్ధ కూర్పు సాఫ్ట్‌వేర్ మీద పెట్టండి. నేను ఈ సమీక్షలో ప్రధానంగా చెప్పాలనుకున్నది ఇదే.

ఇంతకుముందు నేను కూడా అందరిలాగే పేజ్‌మేకర్ 7 అనే పేజీల అమరిక సాఫ్ట్‌వేర్‌లో, అను అనే పాత తెలుగు ఫాంట్లతో పని చేసేదాన్ని. ఆ జోడీని తక్కువ చేసి మాట్లాడడం నాకు ఇష్టం లేదు. తెలుగు పుస్తకాలు, పత్రికలు, శుభలేఖలు ఎన్నో దాని మీదే అచ్చయ్యాయి, ఇప్పటికీ అవుతున్నాయి. కానీ పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. ఆ తరువాత కొత్త ప్రధాన వెర్షన్ లేదు. దాని కోసమే చాలా కేంద్రాల్లో విండోస్ ఎక్స్‌పీ ఉన్న పాత కంప్యూటర్ ఒకటి కాపాడుకుంటూ ఉంటారు. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8తో ముగిసింది. పైగా ఆ పాత ఫాంట్లలో తెలుగు యూనికోడ్ స్థానాల్లో, అంటే ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ ఒకేలా గుర్తించే సంకేతాల్లో, ఉండదు. ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన గళ్లలో తలకట్లు, గుడులు, వత్తులు ముక్కలుగా కూర్చుని ఉంటాయి. కవిగారు తన పద్యాన్ని ఫోనులో పంపితే మార్పిడి సాఫ్ట్‌వేర్ గుండా పంపించాలి. పుస్తకం పూర్తయ్యాక అదే పద్యాన్ని ఎవరికైనా ఫోనులో పంపాలంటే మళ్లీ వెనక్కి మార్చాలి. ప్రతి మార్పిడిలోనూ ఏదో ఒకటి జారిపోతుంది. పద్యంలో ఒక్క పొల్లు జారితే గణం చెడుతుంది.

జీలాటెక్ మూలం డోనాల్డ్ నూత్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1977లో మొదలుపెట్టిన టెక్ అనే కూర్పు పద్ధతి. తన పుస్తకం కొత్త ముద్రణ ప్రూఫుల్లో అక్షరాల తీరు నచ్చక ఆయన ఈ పనికి పూనుకున్నారు. ప్రూఫుల మీద అంత పట్టుదల ఉన్న మనిషి చేసిన పనిముట్టు కాబట్టే నాకు దాని మీద గౌరవం. దాన్ని వాడడం సులువయ్యేలా దాని మీద లెస్లీ లాంపోర్ట్ లాటెక్‌ను నిర్మించారు. 2004లో జొనాథన్ క్యూ జీటెక్‌ను తెచ్చారు. మనకు దారి తెరిచింది అదే, ఎందుకంటే అది యూనికోడ్ తెలుగును నేరుగా తీసుకుంటుంది, కంప్యూటర్‌లో ఉన్న ఓపెన్‌టైప్ ఫాంట్లను నేరుగా వాడుకుంటుంది. జీటెక్ మీద లాటెక్ నడిస్తే అదే జీలాటెక్. 2013 నుంచి అక్షరాలను జోడించే పనిని హార్ఫ్‌బజ్ అనే ఇంజిన్ చూస్తోంది. వత్తుల విషయంలో అది చాలా నమ్మకమైనది.

పని చేసే తీరు పేజ్‌మేకర్‌కు పూర్తిగా వేరు. తెర మీద పేజీ కనిపించదు. మామూలు టెక్స్ట్ ఫైలులో పద్యం టైపు చేసి, ఇది శీర్షిక, ఇది పద్యం, ఇది తాత్పర్యం అని గుర్తులు పెడతాం. సాఫ్ట్‌వేర్ ఆ ఫైలును చదివి పీడీఎఫ్ తయారుచేస్తుంది. మౌస్‌తో పెట్టెలు లాగడానికి అలవాటు పడిన చేతికి మొదట ఇబ్బందిగా ఉంటుంది. ఆ ఇబ్బంది ఎందుకు భరించాలో పద్యం దగ్గరే చెబుతాను.

మన పద్యాల అచ్చుకు స్థిరమైన సంప్రదాయం ఉంది. ఎడమ వైపు అంచులో "ఉ.", "చ.", "మ.", "శా.", "కం.", "తే.గీ." అని ఛందస్సు పేరు పొట్టిగా ఉండాలి. నాలుగు పాదాలూ దాని కుడి పక్కన ఒకే నిలువు గీతలో మొదలవ్వాలి. ఉత్పలమాల పాదంలో 20 అక్షరాలు, చంపకమాలలో 21, మత్తేభంలో 20, శార్దూలంలో 19. ఆ పాదం మధ్యలో విరగకూడదు, ఒక వరుసలోనే ఇమడాలి. సీసం పాదం ఎలాగూ ఒక వరుసలో పట్టదు కనుక రెండుగా చేసి రెండో ముక్కను కొంచెం లోపలికి జరుపుతారు. కింద వచ్చే తేటగీతికో ఆటవెలదికో మళ్లీ వేరే అంచు. పేజ్‌మేకర్‌లో ఇవన్నీ ట్యాబులతో, ఖాళీలతో పద్యం పద్యానికీ చేతితో సర్దేదాన్ని. నూట ఎనిమిది పద్యాల శతకం సర్దాక కవిగారు వచ్చి "అమ్మా, అక్షరం కాస్త పెద్దది చేయగలవా?" అంటే మొదటి పద్యం నుంచి మళ్లీ రావాల్సిందే.

జీలాటెక్‌లో ప్రతి ఛందస్సుకూ ఒక ఆదేశం రాసుకున్నాను. పద్యానికి ముందు ఆ ఆదేశం పెడితే చాలు, పేరు అంచులోకి వెళుతుంది, పాదాలు వరుసలో నిలబడతాయి, సీసం రెండో ముక్క తనంతట తనే లోపలికి జరుగుతుంది. అక్షరం అర పాయింటు (అచ్చు పనిలో వాడే చిన్న కొలత) పెంచాలంటే ఫైలు మొదట్లో ఒక్క అంకె మారుస్తాను, శతకం మొత్తం మారుతుంది. నన్ను పూర్తిగా గెలుచుకున్నది మరో సంగతి. పాదం కేటాయించిన వెడల్పును దాటితే సాఫ్ట్‌వేర్ ఊరుకోదు. ఫలానా వరుసలో ఇన్ని పాయింట్లు బయటికి వచ్చిందని, తన పని వివరాలు నమోదు చేసే లాగ్ ఫైలులో రాసి పెడుతుంది. 1/8 డెమ్మీ కొలత పుస్తకంలో అచ్చు వెడల్పు నాలుగు అంగుళాలు పెట్టుకుంటాను. చంపకమాలలో దీర్ఘాలు, సంయుక్తాక్షరాలు ఎక్కువగా పడ్డ పాదం ఒకటి మూడు పాయింట్లు దాటిందనుకోండి, కంటితో చూస్తే తెలియదు, కానీ ఆ హెచ్చరిక నాకు తెలియజేస్తుంది. పుస్తకం ప్రెస్సుకు వెళ్లే ముందు ఆ లాగ్‌లో అలాంటి వాక్యం ఒక్కటి కూడా మిగలకుండా చూసుకుంటాను.

అరసున్నల విషయం కూడా చెప్పాలి. పద్యం రాసేవారిలో వాఁడు, తోఁట, చూచినాఁడు అని అరసున్నతో రాసేవారు ఇప్పటికీ ఉన్నారు. బండి ఱ వదలనివారు ఉన్నారు. దంత్య చ, జ అక్షరాలైన ౘ, ౙలు కావాలనేవారూ ఉన్నారు. యూనికోడ్‌లో వీటన్నిటికీ చోటు ఉంది. కానీ ప్రతి ఫాంటులోనూ వీటి రూపాలు ఉండవు. ఒక ప్రూఫు చూసిన విశ్రాంత తెలుగు పండితులు ఒకరు కళ్లద్దాలు తీసి, కాగితం మొహానికి దగ్గరగా పెట్టుకుని, "అమ్మా, ఇక్కడ అరసున్న ఎగిరిపోయింది. చదివేవాడికి పట్టకపోవచ్చు. నాకు పడుతుంది" అన్నారు. "ఫాంటు మార్చి రేపు మళ్లీ తీసి ఇస్తాను మాస్టారూ" అన్నాను. ఆయన పట్టింపు న్యాయమైనది. ఫాంటులో లేని అక్షరం ఎదురైతే జీలాటెక్ ఆ సంగతి కూడా లాగ్‌లో రాస్తుంది. ఒక అమరిక మారిస్తే దాన్ని పని ఆపేసే తప్పుగా కూడా చూపుతుంది. పద్యాల పని చేసేవారందరూ ఆ అమరిక పెట్టుకోవాలని నా సలహా. అరసున్న ఎగిరిపోయిందని మనిషి కళ్లు పట్టుకునే దాకా ఆగనక్కరలేదు.

ఫాంట్ల సంగతికి వస్తే, తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు యూనికోడ్ తెలుగుకు తొలి రోజుల్లో చేసిన మేలు మరవలేనిది. సిలికానాంధ్ర ద్వారా వచ్చిన మండలి, సూరన్న, గురజాడ, రామభద్ర లాంటివి గూగుల్ ఫాంట్లలో ఉచితంగా దొరుకుతాయి. శీర్షికలకు రామభద్ర నిండుగా ఉంటుంది. తాత్పర్యాలకు నేను మండలి వాడతాను. దాని గీత మందం దాదాపు అంతటా ఒకేలా ఉంటుంది కాబట్టి 600 చుక్కల ప్రింటర్ మీద కూడా తలకట్లు తెగిపోవు. బాగా సన్నని గీతలున్న ఫాంటు తెర మీద ముచ్చటగా ఉన్నా, టోనర్ కాస్త తగ్గిన రోజున కొమ్ములు మాయమవుతాయి. ఇంకొక జాగ్రత్త. ఫాంటును ఎంచుకునే చోట లిపి తెలుగు అని తప్పకుండా చెప్పాలి. చెప్పకపోతే "లక్ష్మి", "రాష్ట్రం" వంటి మాటల్లో వత్తులు విడివిడిగా, పొల్లు గుర్తులతో వరుసగా నిలబడతాయి. తెలుగు జీలాటెక్‌లో సరిగా రాదని వదిలేసినవారిలో ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. వరుసల మధ్య దూరం కూడా ఇంగ్లీషుకు సరిపోయినంత పెడితే పై వరుస వత్తు కింది వరుస గుడికి తగులుతుంది. అక్షరం కొలతకు ఒకటిన్నర రెట్లు నాకు సరిపోతోంది.

వచనంలో దీని ప్రతిభ మరోలా కనిపిస్తుంది. మామూలు సాఫ్ట్‌వేర్ ఒక్కొక్క వరుసను విడిగా నింపుకుంటూ పోతుంది. టెక్ పేరా మొత్తాన్ని ఒకేసారి చూసి, ఏ వరుస ఎక్కడ విరిస్తే పేరా అంతా సమంగా ఉంటుందో లెక్కిస్తుంది. తెలుగులో మాటలు పొడవు కనుక ఈ లెక్క మనకు మరింత అవసరం. సంతోష్ తొట్టింగల్ తయారుచేసిన తెలుగు పదవిభజన సూత్రాలు కూడా టెక్‌తో పాటే వస్తాయి. "విశ్వవిద్యాలయాధ్యక్షుడు" లాంటి మాట వరుస చివర పడినప్పుడు అక్షరం మధ్యలో కాక అక్షరాల సరిహద్దు దగ్గరే విరుగుతుంది. వరుసలో మాటల మధ్య పెద్ద పెద్ద సందులు ఉండవు.

ఇక ప్రింటర్‌ను కలపడం. నా కంప్యూటర్‌లో ఉన్నది విండోస్ కాదు, లినక్సు రకాల్లో ఒకటైన ఉబుంటు. లినక్సులో ముద్రణ వ్యవహారం చూసేది కప్స్ అనే వ్యవస్థ. కంప్యూటర్‌కూ ప్రింటర్‌కూ మాట కుదిర్చే సాఫ్ట్‌వేర్‌ను డ్రైవర్ అంటారు. 1020కి రెండు డ్రైవర్ దారులున్నాయి. ఒకటి హెచ్‌పీ వారి హెచ్‌ప్లిప్, రెండోది రిక్ రిచర్డ్‌సన్ రాసిన ఫూ-టు-జెడ్‌జేఎస్. రెండిటిలో ఏది ఎంచుకున్నా ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. ఈ ప్రింటర్ నిర్మాణంలోనే ఫర్మ్‌వేర్‌ను, అంటే యంత్రాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌ను, లోపల శాశ్వతంగా దాచుకునే ఏర్పాటు లేదు. స్విచ్ వేసిన ప్రతిసారీ కంప్యూటర్ దాన్ని పంపాలి. అది చేరకపోతే దీపం మామూలుగానే వెలుగుతుంది, మనం పంపిన పేజీ పూర్తయినట్లు తెర మీద కనిపిస్తుంది, కాగితం మాత్రం కదలదు. "ప్రింటర్ చచ్చిపోయింది" అని చాలామంది నిర్ధారించుకునేది ఈ స్థితిని చూసే. చేరితే, నా యంత్రంలో, లోపల మోటారు ఒక్కసారి తిరిగిన చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు వినిపించాకే ఫైలు పంపుతాను.

హెచ్‌ప్లిప్ దారిలో అసలు ప్యాకేజీతో పాటు ప్లగిన్ అనే అదనపు ముక్క విడిగా దింపుకోవాలి. ఫర్మ్‌వేర్ ఉండేది అందులోనే. ప్యాకేజీ వెర్షన్, ప్లగిన్ వెర్షన్ ఒకటే కావాలి. కంప్యూటర్‌లో అప్‌డేట్లు వచ్చి ప్యాకేజీ మారిందంటే ప్లగిన్‌ను మళ్లీ దింపుకోవాలి. నిన్నటిదాకా బాగా పనిచేసిన ప్రింటర్ ఈ రోజు ఆగిందంటే మొదట చూడాల్సింది ఇదే. ఫూ-టు-జెడ్‌జేఎస్ దారిలో ప్లగిన్ గొడవ లేదు, ఫర్మ్‌వేర్ ఫైలును ఒకసారి తెచ్చి సరైన చోట పెడితే చాలు. ప్రింటర్ స్విచ్ వేయగానే వ్యవస్థ దాన్ని గుర్తించి పంపుతుంది. లోపల జరిగేదీ తేటగా అర్థమవుతుంది. ఘోస్ట్‌స్క్రిప్ట్ పీడీఎఫ్‌ను చుక్కలుగా మారుస్తుంది, ఫూ-టు-జెడ్‌జేఎస్ వాటిని కుదించి ప్రింటర్‌కు అర్థమయ్యే రూపంలో పంపుతుంది. నేను స్థిరపడింది ఈ రెండో దారిలోనే. రెండు డ్రైవర్లూ ఒకే ప్రింటర్ మీద కలిపి పెట్టకండి. ఎవరు ఫర్మ్‌వేర్ పంపుతున్నారో తెలియని అయోమయం ఏర్పడుతుంది.

ప్రింటు వచ్చాక పని అయిపోయిందనుకోవద్దు. స్కేలు పెట్టి కొలవండి. ఏ4 కాగితం అంచుల్లో ఈ ప్రింటర్ అచ్చువేయలేని సన్నని పట్టీ ఉంటుంది. దానిలోకి పేజీ వెళుతుందేమోనని చాలా పీడీఎఫ్ సాఫ్ట్‌వేర్లు మొత్తం పేజీని కొద్దిగా కుదించి పంపుతాయి. ఉత్తరమో దరఖాస్తో అయితే ఎవరికీ తేడా తెలియదు. పుస్తకం పనిలో మాత్రం ఇది సహించరానిది. నాలుగు అంగుళాల అచ్చు వెడల్పు నాలుగు అంగుళాలే రావాలి. కటింగ్ మార్కుల మధ్య 1/8 డెమ్మీ కొలత ఐదున్నర, ఎనిమిదిన్నర అంగుళాలు ఉండాలి. ముద్రణ అమరికల్లో "అసలు పరిమాణం" అన్నది ఎంచుకుని, కాగితం కొలత ఏ4 అని డ్రైవర్‌లోనూ పీడీఎఫ్‌లోనూ ఒకేలా పెట్టుకుంటే ఈ సమస్య రాదు. కొన్నిచోట్ల కాగితం కొలత లెటర్ అని ముందే పెట్టి ఉంటుంది, అదీ చూసుకోండి.

నేను ఈ కొలత మీద ఇంత పట్టుబట్టడానికి కారణం ట్రేసింగ్ పేపర్. తక్కువ కాపీల పుస్తకాలకు మినీ ఆఫ్‌సెట్ వాళ్లు ఫిల్ము ఖర్చు లేకుండా లేజర్ ప్రింటుతో తీసిన ట్రేసింగ్ నుంచే ప్లేటు చేస్తారు. టోనర్ ఉన్న వైపు ప్లేటుకు ఆనాలి కాబట్టి అక్షరాలు అద్దంలో కనిపించినట్లు తిరగేసి రావాలి. కప్స్‌లో అందుకు మిర్రర్ అనే ఎంపిక ఉంది. దానితో పీడీఎఫ్‌ను మార్చకుండానే తిరగేసిన ప్రింటు వస్తుంది. ట్రేసింగ్‌ను కింది ట్రేలో కట్టగా పెట్టకండి, ఒకదానికొకటి అంటుకుని రెండేసి వెళతాయి. పైనున్న ఒంటి కాగితం దారిలో ఒక్కొక్కటే పెట్టండి. పేజీ బయటికి రాగానే వేడికి చుట్టుకుంటుంది, అట్ట కింద కాసేపు బరువు పెట్టి ఉంచితే చదునవుతుంది. టోనర్ ఆదా చేసే అమరిక ఆన్‌లో ఉంటే తప్పకుండా తీసేయండి. ప్రూఫుకు అది మంచిదే, ట్రేసింగ్‌కు మాత్రం నలుపు గట్టిగా ఉండాలి. వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూసినప్పుడు శీర్షికలోని పెద్ద అక్షరాల్లో సూది మొన లాంటి తెల్లని చుక్కలు కనిపిస్తే కార్ట్రిడ్జ్ అలసిపోయిందని అర్థం. ప్లేటు మీద ఆ చుక్కలు అలాగే పడతాయి.

ఫొటోల దగ్గర ఈ ప్రింటర్ వెనకబడుతుంది. జేబిగ్ కుదింపు అక్షరాలకు అద్భుతంగా పనిచేస్తుంది, చుక్కలు చల్లినట్లుండే ఫొటోకు అంతగా కుదరదు. కవిగారి నిలువెత్తు ఫొటో ఉన్న పేజీ నెమ్మదిగా వస్తుంది, బూడిద రంగు ఛాయలు ముద్దగా ఉంటాయి. అటువంటి పేజీలను, అట్టను నేను బయట వేయిస్తాను. రెండు వైపులా ముద్రణ కూడా యంత్రం తనంతట తాను చేయదు. బేసి పేజీలు ముందు తీసి, కట్ట తిప్పి పెట్టి, సరి పేజీలు తీయాలి. కప్స్‌లో బేసి, సరి ఎంపికలు ఉన్నాయి కనుక 70 జీఎస్‌ఎం మ్యాప్‌లితో కాగితం మీద ప్రూఫు పుస్తకం ఇబ్బంది లేకుండా వస్తుంది.

జీలాటెక్ అందరికీ అని చెప్పను. శుభలేఖలు, కరపత్రాలు, బొమ్మల మధ్య అక్షరాలు అమర్చే పనులకు ఇది తగదు. వాటికి స్క్రైబస్ అనే ఉచిత పేజీ అమరిక సాఫ్ట్‌వేర్ మేలు. పది పేజీల వ్యాసం రాసుకుని ప్రింటు తీసుకోవాలంటే లిబ్రేఆఫీస్ చాలు. 2017లో వచ్చిన 5.3 వెర్షన్ నుంచి అది కూడా అన్నిచోట్లా హార్ఫ్‌బజ్‌తోనే అక్షరాలు జోడిస్తోంది, వత్తులు చక్కగా వస్తాయి. తప్పు జరిగినప్పుడు జీలాటెక్ చూపే సందేశాలు ఇంగ్లీషులో ఉంటాయి, కొత్తవారికి భయం పుట్టిస్తాయి. ఒక బ్రాకెట్ మూయడం మరిచిపోతే యాభై వరుసల తరువాత ఎక్కడో ఫిర్యాదు చేస్తుంది. తెలుగులో దీని గురించి సమగ్రంగా నేర్పే పుస్తకం రావలసి ఉంది, ఆ కొరత నన్ను నిజంగా బాధపెడుతుంది. జీలాటెక్ వచ్చేది టెక్ లైవ్ అనే సంకలనంలో. అది పూర్తిగా అయితే కొన్ని జీబీలు ఉంటుంది. నెట్ వేగం తక్కువ ఉన్నవారు జీటెక్ భాగం, ఇతర భాషల భాగం మాత్రమే పెట్టుకున్నా తెలుగు పనికి సరిపోతుంది.

పాత ప్రింటర్లు ఉన్నవారు ముందుచూపుతో తెలుసుకోవలసినది ఇంకొకటి ఉంది. కప్స్‌ను నడిపే ఓపెన్‌ప్రింటింగ్ బృందం పాత తరహా ప్రింటర్ డ్రైవర్లకు కప్స్ 3లో చోటు ఉండదని ప్రకటించింది. వాటి స్థానంలో ప్రింటర్ అప్లికేషన్లు అనే కొత్త ఏర్పాటు వస్తుంది. పాత డ్రైవర్లను ఆ రూపంలో చుట్టి నడిపించే పని కూడా వాళ్లే చేస్తున్నారు కాబట్టి కంగారు అక్కరలేదు. అయినా నేను ప్రింటర్‌కు తగిలించిన కంప్యూటర్‌లో దీర్ఘకాలం మద్దతు ఉండే వెర్షన్ మాత్రమే ఉంచుతాను, ఫర్మ్‌వేర్ ఫైలును రెండు చోట్ల భద్రపరిచాను. పుస్తకం ప్రెస్సులో ఉండగా దాని మీద అప్‌డేట్లు వేయను.

ఈ ఏర్పాటు వల్ల ఇంట్లో వాళ్లకు కలిగిన మేలు ఒకటి ఉంది. కప్స్‌లో ప్రింటర్‌ను పంచుకునేలా పెడితే, వైఫై లేని ఈ 1020 మా ఇంట్లో ఫోన్లకు వైఫై ప్రింటర్‌లాగే కనిపిస్తుంది. మా అబ్బాయి స్కూలు కాగితాలు ఫోను నుంచే తీసుకుంటున్నాడు. కవిగారు కూర్చుని ఉండగానే సవరించిన పేజీని ముందు గదిలోంచి పంపగలుగుతున్నాను.

పాత 1020 కొనాలనుకునేవారికి: సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతుంది, కానీ ఆన్ చేసి చూపించలేని చోట కొనకండి. నల్లగా నిండిన పేజీ ఒకటి, సన్నని అక్షరాల పేజీ ఒకటి తీయించి చూడండి. చేతితో రుద్దితే టోనర్ రాలుతుంటే ఫ్యూజర్ మార్చాలి, ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి. కాగితం లాగడానికి తడబడుతుంటే పికప్ రోలర్ అరిగింది, అది చవకే. ఇలాంటి మామూలు అరుగుదల ఏదీ ప్రింటర్‌ను వదిలేయడానికి కారణం కాదు. యూఎస్‌బీ తీగ పెట్టినా కంప్యూటర్ దాన్ని అసలు గుర్తించకపోతే మాత్రం బోర్డు పోయి ఉంటుంది, దాన్ని కొనకండి.